‘లెజెండ్’: 89 నిమిషాలదా, 113 నిమిషాలదా?

రిడ్లీ స్కాట్ తీసిన ‘లెజెండ్’ చూద్దామనుకునే ఎవరికైనా మొదట ఎదురయ్యే ప్రశ్న ఏ వెర్షన్ చూడాలి అన్నదే. తెలుగులో అదే పేరుతో వచ్చిన సినిమా సంగతి కాదు, టామ్ క్రూజ్ కుర్రాడిగా ఉన్నప్పుడు చేసిన 1985 నాటి ఇంగ్లిష్ ఫాంటసీ సంగతి. నా జవాబు ముందే చెప్పేస్తాను, 113 నిమిషాల డైరెక్టర్స్ కట్ చూడండి. అయితే చాలామంది చెప్పే కారణంతో నేను ఈ మాట అనడం లేదు. దర్శకుడు కోరుకున్నది అదే కాబట్టి అదే అసలు సినిమా అంటారు వాళ్లు. స్కాట్ తీసిన ‘బ్లేడ్ రన్నర్’ విషయంలో ఆ వాదన బాగానే నిలబడుతుంది, అక్కడ 1982లో అతికించిన వాయిస్ ఓవర్, సుఖాంతం 1992 వెర్షన్‌లో తీసేశాక సినిమా ఊపిరి పీల్చుకుంది. ‘లెజెండ్’ విషయంలో లెక్క అంత తేలిక కాదు. స్టూడియో ఒత్తిడి ఉన్నమాట నిజమే గానీ, ప్రివ్యూలు చూసిన జనం పెదవి విరిచేసరికి స్కాట్ కూడా ధైర్యం కోల్పోయి కత్తెర పట్టుకున్నాడు. కాబట్టి ఎవరు కోరుకున్నారు అన్నది వదిలేసి తెరమీద ఏది మిగిలింది, ఏది పోయింది అని చూడటమే సరైన పద్ధతి.

ముందు వెర్షన్ల సంగతి. తొలి ఎడిటింగ్‌లో రెండు గంటలు దాటిన సినిమాను 113 నిమిషాలకు తెచ్చారు, అదీ ఎక్కువే అనిపించి యూరప్‌లో 94 నిమిషాలకు కుదించి వదిలారు, అమెరికాలో 1986 ఏప్రిల్‌లో 89 నిమిషాలదే విడుదల చేశారు. యూరప్ వెర్షన్‌లో జెర్రీ గోల్డ్‌స్మిత్ చేసిన ఆర్కెస్ట్రా సంగీతం ఉంటుంది. అమెరికా వెర్షన్‌కి ఆయన చేసిందంతా పక్కన పెట్టి, జర్మన్ ఎలక్ట్రానిక్ బృందం టాంజరీన్ డ్రీమ్‌తో కొత్తగా చేయించారు, కుర్రకారుకి నచ్చుతుందని. 113 నిమిషాల ప్రింట్ ఇక లేదనే చాలా ఏళ్లు అనుకున్నారు, అది దొరికి 2002లో డీవీడీగా వచ్చింది, గోల్డ్‌స్మిత్ సంగీతంతోనే. యూరప్ వెర్షన్ గురించి నేను ఎక్కువ మాట్లాడను. సంగీతం ఉంచి సన్నివేశాలు కోసేస్తే ఆ సంగీతానికి నిలబడే చోటు ఉండదు, అంతే. అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే.

సినిమాలో లోపాలున్నాయి, అందులో దాచేదేమీ లేదు. కథకు కాళ్లు లేవు, ముంతకు చెవులు లేవు అంటారే, అది ఈ సినిమాకి అక్షరాలా సరిపోతుంది. డార్క్‌నెస్ అనే చీకటి రాజు లోకమంతా శాశ్వతంగా రాత్రి చేయాలనుకుంటాడు, దానికి అడవిలోని రెండు ఒంటికొమ్ము గుర్రాలు అడ్డు, వాటిని చంపమని పొట్టి రాక్షసుల్లాంటి గోబ్లిన్‌లను పంపుతాడు. రాకుమారి లిలీ ముట్టుకోకూడని ఆ గుర్రాన్ని ముద్దుగా ముట్టుకుంటుంది, ఆ క్షణాన్నే గోబ్లిన్‌ల విషబాణం తగులుతుంది, కొమ్ము తెగుతుంది, లోకం మంచులో కూరుకుపోతుంది. ఆమెను ప్రేమించిన అడవి కుర్రాడు జాక్ అన్నీ సరిచేయాలి. జాక్ పాత్రలో ఏమీ లేదు, ఏ వెర్షన్‌లోనూ లేదు. క్రూజ్ తప్పు కూడా కాదు, ఆ పాత్రకి రాసిందే అంత. 113 నిమిషాలది చూస్తే జాక్ బాగుపడతాడని ఎవరైనా చెబితే నమ్మకండి.

మరి ఈ సినిమా చూడటానికి ఇంకా ఏముంది అంటే, కళ్ల ముందు కట్టి నిలబెట్టిన ఆ లోకం ఉంది. ఇంగ్లండ్‌లోని పైన్‌వుడ్ స్టూడియోలో 007 స్టేజ్ అని ఒక పెద్ద కట్టడం ఉండేది, దాని లోపల చెట్లతో సహా అడవి మొత్తం కట్టారు. షూటింగ్ చివరికొస్తుండగా 1984 జూన్ 27న ఆ స్టేజ్ మంటల్లో కాలిపోయింది. ఆ అడవిని మళ్లీ చూడాలంటే ఈ ఫిల్మ్‌లో తప్ప ఎక్కడా లేదు. గాలిలో తేలే దూది పింజలు, చెట్ల సందుల్లోంచి పడే ఎండ, ఒక్క కంప్యూటర్ గ్రాఫిక్ లేకుండా రాబ్ బాటిన్ బృందం చేసిన మేకప్ (ఆస్కార్‌కి నామినేట్ అయింది, రాలేదు), ఎర్రటి ఒళ్లు, తలకన్నా పెద్ద నల్ల కొమ్ములతో టిమ్ కర్రీ. డార్క్‌నెస్‌గా తయారవడానికే కర్రీకి రోజూ గంటలకు గంటలు పట్టేది. అంత మేకప్ కింద కూడా మనిషి కళ్లతో, గొంతుతో నటించాడు, ఇప్పుడు చూసినా ఒళ్లు జలదరిస్తుంది.

ఇక్కడే నాకు అసలు విషయం అర్థమైంది. ఈ సినిమాకున్న ఆస్తి వాతావరణం ఒక్కటే. అలాంటి సినిమాను కత్తిరిస్తే పోయేది కథ కాదు, ఎందుకంటే పోవడానికి కథ ఎక్కువ లేదు, పోయేది ఆ వాతావరణమే. నేను మొదట చూసింది 89 నిమిషాలది, చాలా సాగదీసినట్టు అనిపించింది. తర్వాత కొన్నాళ్లకి 113 నిమిషాలది చూస్తే అది తొందరగా అయిపోయినట్టు అనిపించింది. ఇరవై నాలుగు నిమిషాలు ఎక్కువున్నది పొట్టిగా ఎలా అనిపించిందా అని రెండూ వెంటవెంటనే మళ్లీ వేసుకుని చూశాను. నిదానంగా నడిచే సినిమాలోంచి సన్నివేశాల మొదళ్లు, చివర్లు కోసేస్తే వేగం రాదు, కారణాలు పోతాయి. ఎవరు ఎందుకు ఎక్కడికి వెళ్తున్నారో తెలియకపోతే ఐదు నిమిషాలు కూడా భారమే.

లిలీ సంగతే తీసుకోండి. మియా సారా చేసిన ఈ పాత్ర గురించి ఎవరూ తగినంత మాట్లాడరు, నాకు మాత్రం ఈ సినిమా ఆమెదే. పొడుగు వెర్షన్‌లో ఆమె గారాబం, మాట వినకపోవడం, తను చేసిన పని వల్లే ఇదంతా జరిగిందని తెలిసినప్పటి దిగులు, ఇవన్నీ కొంచెం కొంచెంగా పోగవుతాయి. ఆమె పాడుకుంటూ అడవిలోకి వస్తుంది, గుర్రాల దగ్గరికి వెళ్లినప్పుడూ పాటతోనే వెళ్తుంది, ఆ పాట గోల్డ్‌స్మిత్ సంగీతంలో అల్లుకుపోయి ఉంటుంది. అమెరికా వెర్షన్‌లో గోల్డ్‌స్మిత్‌తో పాటు ఆ పాటా పోయింది. పాట పోతే ఏముందిలే అనుకోవచ్చు. కానీ గుర్రం ఆ పిల్ల దగ్గరికి ఎందుకు వచ్చింది అన్న దానికి తెరమీద కనిపించే కారణం ఆ గొంతే. అది లేనప్పుడు గుర్రం ఊరికే వచ్చి నిలబడుతుంది, ఈమె ఊరికే ముట్టుకుంటుంది. సినిమా మొత్తం ఆధారపడిన తప్పు అది, అంత తేలిగ్గా అయిపోతే ఎలా?

తర్వాత డార్క్‌నెస్ కోటలో నల్లటి దుస్తులు తమంతట తామే నాట్యం చేస్తూ లిలీని తమలోకి లాక్కునే దృశ్యం ఉంది. సినిమాలో అన్నిటికన్నా గొప్ప దృశ్యం అదేనని నా అభిప్రాయం, రెండు వెర్షన్లలోనూ ఉంది. గోల్డ్‌స్మిత్ అక్కడ వాల్ట్జ్ (జంటలు గిరగిరా తిరుగుతూ చేసే పాశ్చాత్య నాట్యం) లాంటి వరస ఇచ్చాడు, మొదట అందంగా మొదలై పోనుపోను తలతిరిగేలా అవుతుంది, భయం మాధుర్యంలోంచే పుడుతుంది. టాంజరీన్ డ్రీమ్ అదే చోట కలలాంటి మత్తు తెచ్చింది. ఇక్కడ మాత్రం ఏది మేలో గట్టిగా చెప్పలేను, రెండూ పనిచేస్తాయి, మీరు రెండోది మేలంటే నేను వాదించను.

టాంజరీన్ డ్రీమ్ సంగీతం అసలు పనికిరాదు అనేవాళ్లతో కూడా నేను ఒప్పుకోను. గోల్డ్‌స్మిత్‌కి అన్యాయం జరిగింది, అంత శ్రమపడి చేసిన పని ఒక దేశపు విడుదల నుంచి మొత్తంగా తీసేయడం ఏ సంగీతకారుడికైనా గుండెకోతే. కానీ ఆ కోపం వీళ్ల మీద చూపించకూడదు. మంచు కమ్మేసిన అడవి, గోబ్లిన్‌లు తిరిగే చోట్లు, పాతాళంలాంటి ఆ కోట, వీటికి సింథసైజర్ల చల్లటి శబ్దం భలే అతికింది. చివర్లో వచ్చే జాన్ ఆండర్సన్ పాట, ఎండ్ టైటిల్స్ మీద బ్రయాన్ ఫెర్రీ పాట మాత్రం కాలానికి చిక్కుకుపోయాయి, ఎప్పుడో తెలియని కాలంలో జరిగే కథ ఉన్నట్టుండి 1986లోకి వచ్చి పడుతుంది. గోల్డ్‌స్మిత్ సంగీతానికి ఆ ఇబ్బంది లేదు. వెలుతురున్న సన్నివేశాల్లో, అడవి ప్రాణంతో ఉన్నప్పుడు, ఆయన దగ్గరికి ఎవరూ రాలేరు.

అమెరికా వెర్షన్ చేసిన పెద్ద పొరపాటు నా లెక్కలో సంగీతం కాదు, డార్క్‌నెస్‌ని మొదట్లోనే చూపించేయడం. వెర్షన్ మొదలవగానే తెరమీద పెద్ద ఉపోద్ఘాతం అక్షరాల్లో కదులుతుంది, ఆ వెంటనే ఆయన దర్శనం అయిపోతుంది. డైరెక్టర్స్ కట్‌లో చాలాసేపు గొంతు, చెయ్యి, నీడ, ఇంతే. ఇతను ఎలా ఉంటాడో అని మనం ఊహించుకుంటూ ఉంటాం. తర్వాత లిలీ ఒంటరిగా ఉన్నప్పుడు అద్దంలోంచి ఆ కాలిగిట్ట బయటికొస్తుంది, తర్వాత కాలు, తర్వాత ఆ నిలువెత్తు ఎర్రటి ఆకారం మొత్తం. ఆ అడుగు కోసమే అంతసేపు దాచారు. ముందే చూపించేస్తే ఆ టెన్షన్ ఎక్కడిది? అద్భుతంగా చేసిన ఆ మేకప్‌ని అందరికన్నా ఎక్కువ అవమానించింది ఈ నిర్ణయమే.

గంప్ ఘట్టం కూడా చెప్పాలి. అడవి పిల్లాడిలా కనిపించే ఈ గంప్ (డేవిడ్ బెనెంట్ నటించాడు) లిలీని గుర్రాల దగ్గరికి తీసుకొచ్చి జాక్ చేసిన తప్పు తెలిసి కోపంతో ఊగిపోయి, ఒక పొడుపుకథ విప్పితేనే వదులుతానంటాడు. పొడుగు వెర్షన్‌లో ఇది ఉంటుంది, పొట్టి దాంట్లో తీసేశారు. చూడటానికి కథను ముందుకు నడపని ముక్కలాగే ఉంటుంది, ఎడిటింగ్ టేబుల్ మీద ఎవరైనా మొదట దాని మీదే చెయ్యి వేస్తారు. కానీ ఇలాంటి కథల్లో పొడుపుకథ అంటే ఊరికే కాలక్షేపం కాదు కదా. తప్పు చేసినవాడు పరీక్షకు నిలబడాలి, నిలబడి గెలిస్తేనే అడవి జనం అతని వెంట నడుస్తారు. అది తీసేస్తే గంప్ కోపం వచ్చినంత వేగంగానే పోతుంది, కాసేపటికే జాక్‌కి తోడుగా బయల్దేరతాడు. ఎందుకు నమ్మాడో మనకు తెలియదు.

పొట్టి వెర్షన్ కచ్చితంగా గెలిచేది బొమ్మ నాణ్యతలో. డైరెక్టర్స్ కట్ దొరికింది ప్రింట్ రూపంలో కాబట్టి బ్లూరేలో కూడా అంచులు మెత్తగా, నలుపులు మరీ గట్టిగా ఉంటాయి, చీకటి దృశ్యాల్లో కొన్ని వివరాలు కనిపించకుండా పోతాయి. అమెరికా వెర్షన్ మాత్రం చాలా స్పష్టంగా ఉంటుంది. అలెక్స్ థామ్సన్ ఫొటోగ్రఫీ ఎంత గొప్పదో పూర్తిగా తెలియాలంటే అదే చూడాలి. వాతావరణమే ఆస్తి అని పైన నేనే అన్నాను కాబట్టి దీన్ని చిన్న విషయంగా కొట్టిపారేయలేను. పెద్ద తెర మీద చూసేవాళ్లు ఈ తేడాకి సిద్ధపడి కూర్చోవాలి. పొడుగు వెర్షన్ అంత స్పష్టంగా ఎప్పటికైనా దొరికితే ఈ చర్చే ఉండదు.

ముగింపు దగ్గర రెండూ పూర్తిగా వేరే దారులు పట్టాయి. అమెరికా వెర్షన్‌లో జాక్, లిలీ చెయ్యీ చెయ్యీ పట్టుకుని సూర్యాస్తమయంలోకి పరిగెత్తుతారు. డైరెక్టర్స్ కట్‌లో జాక్ నీళ్లలోకి దూకి, అంతకుముందు లిలీ విసిరేసిన ఉంగరం తెస్తాడు, లిలీ నిద్రలోంచి లేస్తుంది, జరిగిందంతా కలేమో అనుకుంటుంది, ఇద్దరూ ప్రేమగానే మాట్లాడుకుంటారు, తర్వాత ఆమె తన కోటకు, అతను తన అడవికి. మళ్లీ వస్తానంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఇది నచ్చలేదు, ఇంత కష్టపడ్డాక కలపకుండా పంపేయడం ఏమిటి అనిపించింది. మళ్లీ చూశాక మనసు మారింది. ఆ పిల్ల అడవిని ముట్టుకోబట్టే అడవి గాయపడింది, ఇప్పుడు ఆమె దాన్ని తనదిగా చేసుకోకుండా వెళ్లిపోతోంది. పొడుగు వెర్షన్‌లో లిలీతో అంతసేపు గడిపితేనే ఆ వెళ్లడం బరువుగా తెలుస్తుంది. పొట్టి దానికి ఈ ముగింపు అతికించినా పనిచేయదు, దానికి ఆ పరుగే సరిపోతుంది.

2021లో సినిమా డిస్కులు తెచ్చే బ్రిటిష్ సంస్థ యారో వీడియో వాళ్లు తెచ్చిన బ్లూరే సెట్‌లో రెండు వెర్షన్లూ ఉన్నాయి. ముందు 113 నిమిషాలది చూడండి. కొన్నాళ్లు ఆగి, కథ తెలిసిపోయాక, ఒక రాత్రి లైట్లన్నీ ఆపేసి, సౌండ్ పెంచుకుని 89 నిమిషాలది వేసుకోండి. అప్పటికి కారణాలన్నీ మీకు తెలుసు కాబట్టి కత్తిరింపులు అంతగా బాధించవు, టాంజరీన్ డ్రీమ్‌ని, ఆ స్పష్టమైన బొమ్మని హాయిగా ఆస్వాదించవచ్చు. నాలాగా తలకిందులుగా చూస్తే మాత్రం, ఈ సినిమా మీద మనసు విరిగిపోయి రెండోదాని జోలికే వెళ్లకపోయే ప్రమాదం ఉంది.