హీమోఫీలియా-ఎ: ఫ్యాక్టర్ 8 ఎక్కించడమా, ఎమిసిజుమాబా?

తీవ్రమైన హీమోఫీలియా-ఎ ఉన్నవారిలో రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఎనిమిదో ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ మామూలు స్థాయిలో 1 శాతం కంటే తక్కువగా ఉంటుంది కాబట్టి, దెబ్బ తగలకపోయినా కీళ్లలోకి రక్తం చేరి మోకాలు వాచిపోతుంది. దీన్ని నివారించే పాత పద్ధతి, లోపించిన ఫ్యాక్టర్‌నే నరంలోకి ఎక్కించడం. అది శరీరంలో సుమారు 12 గంటల్లో సగానికి తగ్గిపోతుంది గనుక, వారానికి రెండు మూడుసార్లు సీసాను కుదపకుండా మెల్లగా తిప్పుతూ పొడిని కరిగించి, ఏడుస్తున్న పసివాడి చేతిలో నరం వెతకాలి; చాలా ఇళ్లలో ఈ వెతుకులాటే అసలు కష్టం.

కొత్త మందైన ఎమిసిజుమాబ్ ఫ్యాక్టర్ కాదు. తొమ్మిదో, పదో ఫ్యాక్టర్లను దగ్గరకు చేర్చి, ఎనిమిదోది చేయవలసిన పనిని తాను చేసిపెట్టే యాంటీబాడీ. దీన్ని చర్మం కిందే ఇస్తారు. మొదటి నాలుగు వారాలు వారానికొకసారి, ఆపై నాలుగు వారాలకొకసారి ఇచ్చినా సరిపోవచ్చు. తీవ్ర రోగుల్లో దాదాపు 30 శాతం మందిలో ఎక్కించిన ఫ్యాక్టర్‌ను నిర్వీర్యం చేసే ఇన్హిబిటర్లు పుడతాయి, అవి ఎమిసిజుమాబ్‌ను అడ్డుకోలేవు. అమెరికా 2017లో మొదట అలాంటివారికే అనుమతించి, 2018లో మిగతావారికీ విస్తరించింది.

నివారణ వరకు నా మొగ్గు ఎమిసిజుమాబ్ వైపే. అయితే మొదలైన రక్తస్రావాన్ని ఇది ఆపదు; అప్పుడూ, పెద్ద శస్త్రచికిత్సలప్పుడూ ఇన్హిబిటర్లు లేనివారికి ఫ్యాక్టరే ఆధారం. పైగా రక్తం గడ్డకట్టే సమయాన్ని కొలిచే మామూలు ఏపీటీటీ పరీక్ష ఈ మందు వల్ల అంతా బాగున్నట్లు చూపుతుంది కాబట్టి, పన్ను తీయించుకోవడానికి వెళ్లినా ఈ సంగతి ముందే చెప్పాలి.