హైడ్రాలిక్ మంచం నాలుగున్నరేళ్ళు వాడాక: మంచీ చెడూ ఆ రెండు పంపుల్లోనే

అటక మీది సామాను దింపాలంటే స్టూలు కావాలి, కింద అందుకోవడానికి ఇంకో మనిషి కావాలి, ఆ తర్వాత దుమ్ము తుడుచుకోవాలి. అందుకే అటకెక్కిన వస్తువు ఇంట్లో ఉండి కూడా లేనట్టే అవుతుంది. నాలుగు దుప్పట్లు పైన ఉండగానే చుట్టాల కోసం మరో రెండు కొనేస్తాం. పరుపు కింద పెట్టె ఉన్న ఈ మంచం ఆ బెడదను నిజంగానే తీర్చింది. పరుపు, దుప్పటి, దిండ్లు ఎక్కడివక్కడే ఉండగా కాళ్ళ వైపు పట్టీ పట్టుకుని ఒక చేత్తో లేపితే మూత పైకి వెళ్ళి నిలబడుతుంది. రెండో చెయ్యి ఖాళీగా ఉంటుంది కాబట్టి కావలసింది తీసి మూసెయ్యడానికి నిమిషం చాలు. వాడిన బొంతను అదే రోజు తిరిగి దాని చోట పెట్టడం ఈ సులువు వల్లే అలవాటైంది. ఇంతకుముందు అది వారం రోజులు కుర్చీ మీద పడి ఉండేది.

కొలతలు, రంగులు, డిజైన్లు దుకాణంలోనే కనిపిస్తాయి కనుక వాటి జోలికి పోను. మాది 78×60 అంగుళాలది, కాళ్ళ వైపు నుంచి లేచేది, 18 మిల్లీమీటర్ల పార్టికల్ బోర్డు పెట్టె. దుకాణంలో ఎవరూ చెప్పనిది మూతను రెండు పక్కలా పైకి తోసే పంపుల సంగతి.

పేరు హైడ్రాలిక్ అయినా బరువు మోసేది నూనె కాదు, స్టీలు గొట్టంలో ఒత్తిడితో బిగించిన నైట్రోజన్ వాయువు. లోపల కొద్దిగా నూనె ఉంటుంది కానీ అది సీలు ఎండిపోకుండా, మూత ఒక్కసారిగా ఎగిరిపోకుండా చూడటానికి మాత్రమే. గొట్టం మీద 1000N, 1200N, 1500N అని ఒక అంకె ఉంటుంది, N అంటే న్యూటన్లు. దాన్ని పదితో భాగిస్తే ఆ పంపు సుమారుగా ఎన్ని కేజీల బలంతో తోస్తుందో వస్తుంది. మావి 1200N జత, అంటే ఒక్కోటీ దాదాపు 120 కేజీలు. పంపు నొక్కుకుపోయి ఉన్నప్పుడు, అంటే మంచం మూసి ఉన్నప్పుడు, ఆ తోపు ఇంకాస్త ఎక్కువే. అంత బలం ఎందుకంటే పంపును బందులకు దగ్గరగా బిగిస్తారు, మూత బరువేమో చాలా దూరంగా ఉంటుంది.

లెక్క ఇలా ఉంటుంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మూత సుమారు 24 కేజీలు, ఇనుప చట్రం 12, నాలుగు అంగుళాల కొబ్బరిపీచు పరుపు 28. మొత్తం 64. పంపులు లేకపోతే కాళ్ళ వైపు చేతి మీద పడేది అందులో సగం, 32 కేజీలు. పంపులు ఉన్నప్పుడు సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసును పట్టీకి తగిలించి లాగితే 6 కేజీల దగ్గర మూత కదిలింది. అంటే పంపులు మన చేతి నుంచి తీసుకున్న భారం 26 కేజీలు. ఈ 26కూ 32కూ మధ్య ఉన్న చిన్న తేడా మీదే మంచం సుఖమంతా ఆధారపడి ఉంది. దేన్ని మార్చినా మొదట తగ్గేదీ పెరిగేదీ అదే.

పరుపు మారిస్తే ఏమవుతుందో చూడండి. కొబ్బరిపీచు తీసి 32 సాంద్రత (ఘనమీటరుకు 32 కేజీలు) ఉన్న ఆరు అంగుళాల ఫోమ్ పరుపు వేస్తే దాని బరువు 15 కేజీలే. మూత 13 కేజీలు తేలికపడుతుంది, చేతి దగ్గర ఆరున్నర. అప్పుడు మనం లేపాల్సిన పని ఉండదు, కానీ మూత పూర్తిగా మూసుకోదు. మనిషి పడుకుంటే దిగుతుంది, లేవగానే అంగుళం పైకి వస్తుంది. అదే ఆరు అంగుళాల లేటెక్స్ పరుపు వేస్తే 38 కేజీలు. ఆరు కేజీల లాగుడు పదకొండు అవుతుంది, పైకి వెళ్ళిన మూత నిలబడకుండా మెల్లగా దిగిపోతుంది కూడా. కాబట్టి పరుపు ముందు కొని, దాని బరువు చెప్పి, దానికి తగ్గ పంపులు వేయించుకోవాలి. మంచంతో పాటు వచ్చిన పంపులు దుకాణంలో దాని మీద పరిచి ఉన్న పరుపుకు సరిపడేవి, మీ పరుపుకు కాదు.

పెట్టెలో ఎక్కువ బరువు పెడితే పంపులు పాడవుతాయని చాలామంది అనుకుంటారు. అది తప్పు. పెట్టె బరువు నేల మోస్తుంది, పంపు మోసేది మూతను మాత్రమే. పెట్టెలో ఎక్కువ బరువుకు కుంగేది అడుగు పలక. ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్ మీద ఇత్తడి గుండిగలు, గంగాళాలు పేరిస్తే ఏడాదిలో పళ్ళెంలా వంగుతుంది. అలాంటివి పెట్టాలంటే కింద రెండు అడ్డపట్టీలు వేయించాలి.

ఇక మా మంచం విరిగిన సంగతి. మూడో ఏడాది వర్షాకాలంలో మూత లేపినప్పుడల్లా కుడివైపు 'టిక్కు'మని ఒక చిన్న చప్పుడు మొదలైంది. మూసిన తర్వాత ఎడమ మూల పెట్టెకు ఆనుకుంటే కుడి మూల అర సెంటీమీటరు పైన ఉండేది. పరుపు బరువు ఒక పక్కకు జరిగిందేమో అనుకున్నాను. కొన్నాళ్ళకు కుడివైపు దుప్పట్ల మీద రంపపు పొట్టు లాంటి పొడి కనిపించింది. చెదలని భయపడి మందు కూడా కొట్టించాను. మామూలు చెదలైతే మట్టి దారులు ఉండాలి, ఇక్కడ పొడి తప్ప ఇంకేం లేదు. ఆ తేడా అప్పుడే పట్టుకుని ఉంటే బాగుండేది. ఆ తర్వాత వారంలో పంపు కింది కొసను పట్టుకున్న ఇనుప క్లాంపు, నాలుగు స్క్రూలతో సహా, అరచేతంత బోర్డు ముక్కను ఊడబెరుక్కుని బయటికి వచ్చింది. పంపు బాగానే ఉంది, పోయింది దాన్ని పట్టుకున్న చెక్క. రెండో పంపు ఒక్కటే తోస్తుండటంతో మూత మెలితిరిగి సగం ఎత్తులో ఇరుక్కుపోయింది, తల వైపు ఒక బందు కూడా వంగింది.

ఇలా ఎందుకైందంటే, మంచం మూసి ఉన్నప్పుడు పంపు విశ్రాంతిగా ఉండదు. పంపు ఎక్కువ బలంతో తోసేది అప్పుడే. ఏడాదికి పాతికసార్లు తెరిచినా, వందసార్లు తెరిచినా, మిగతా గంటలన్నీ ఆ 120 కేజీల పైచిలుకు తోపు నాలుగు చిన్న స్క్రూల మీద ఉంటుంది. అంత బలాన్ని పార్టికల్ బోర్డులో 16 మిల్లీమీటర్ల స్క్రూలతో బిగించారు. పార్టికల్ బోర్డు అంటే చెక్క పొట్టు, జిగురు కలిపి అదిమిన పలక. అందులో స్క్రూ మరకు పట్టు తక్కువ, ఒకసారి వదులైతే చుట్టూ పొడి రాలుతూనే ఉంటుంది. దానికి తోడు తడి. ఈ మంచాలకు కాళ్ళు ఉండవు, పెట్టె నేరుగా నేల మీద కూర్చుంటుంది. రోజూ తడిగుడ్డ పెట్టినప్పుడు అడుగు అంచు నీళ్ళు పీలుస్తుంది. మా పెట్టె కింది అంచు 18 నుంచి 22 మిల్లీమీటర్లకు ఉబ్బింది. ఉబ్బిన బోర్డులో స్క్రూకు పట్టు ఎక్కడిది?

మొదటి మరమ్మతు పనికిరాలేదు. పాత కన్నాల్లో పొట్టు, జిగురు కలిపి కూరి, కాస్త లావు స్క్రూలు వేశారు. ఐదు వారాలు నిలిచింది. రెండోసారి చేయించింది ఇప్పటికీ కదల్లేదు, కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు మంచం మీద నుంచి దుప్పట్లు, దిండ్లు తీసి మూతను పూర్తిగా లేపాలి. రెండు పక్కలా ఊతకర్రలు పెట్టాలి, ఒకటి చాలదు. ఊతలు గట్టిగా నిలిచాకే పరుపు తీయాలి. పరుపు ముందే తీసేసి మూసిన మూతను వదిలితే అది ఎగిరి మొహానికి తగులుతుంది. పంపు పూర్తిగా సాగి ఉన్నప్పుడే 13 నంబరు పానాతో బోల్టు విప్పాలి. నొక్కుకుని ఉన్న పంపును ఎప్పుడూ విప్పకూడదు. ఊడిన చోట లోపలి వైపు 18 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు ఉన్న 18 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ ముక్కను జిగురుతో అతికించి, రాత్రంతా వడ్రంగి క్లాంపులతో అదిమి ఉంచాలి. దాని మీద 50 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం, ఒకటిన్నర అడుగుల పొడవున్న ఇనుప పట్టీ. దాని పైన క్లాంపు. అన్నిటి గుండా బయటి నుంచి లోపలికి కన్నం వేసి, గుండ్రటి తల ఉన్న 8 మిల్లీమీటర్ల బోల్టులు, 60 పొడవువి, వెడల్పాటి వాషర్లు, వదులుకాని నైలాక్ నట్లు. బోల్టు తలలు బయటికి కనిపిస్తాయి, అందానికి కొంచెం లోటే. రెండో పక్క బాగానే ఉన్నా దానికీ అదే పని చేయించాను, లేకపోతే ఏడాదిలో అటు వైపు ఊడేది. పెట్టె కింద అంగుళం ఎత్తు రబ్బరు బుష్‌లు తొమ్మిది వేయించాక తడిగుడ్డ నీళ్ళు అంచుకు అందడం ఆగింది. ఆ బుష్‌లు కొన్న రోజే వేయించి ఉంటే సగం నష్టం తప్పేది.

పంపు మెల్లగా నీరసించడం వేరే విషయం. నైట్రోజన్ వాయువు సీలు పక్కనుంచి ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా పోతుంది. దీన్ని త్వరపెట్టేది గీత. గొట్టంలోంచి బయటికి వచ్చే మెరిసే కడ్డీ మీద స్టీలు బిందె అంచు ఒక్కసారి గీసినా, ఆ గీత సీలును ప్రతిసారీ కోస్తుంది. పంపు పక్కన మూడు అంగుళాల జాగా వదిలి, అక్కడ దిండ్లు తప్ప ఏమీ పెట్టకండి. కడ్డీని పొడిగుడ్డతో తుడవాలి. గ్రీజు రాస్తే దుమ్ము పట్టి మరీ చెడుతుంది. మెడ దగ్గర నూనె చెమ్మ కనిపిస్తే ఆ పంపు పని అయిపోయినట్టే. మార్చేటప్పుడు జతగానే మార్చాలి, కన్నం నుంచి కన్నానికి పొడవు, కడ్డీ సాగే కొలత, N అంకె మూడూ రాసుకుని తేవాలి. పాతవాటిని కోయడం, కాల్చడం ప్రమాదం, లోపల ఇంకా ఒత్తిడి ఉంటుంది. పాత సామాన్లవాళ్ళకు ఇచ్చేటప్పుడు ఆ మాట చెప్పి ఇవ్వండి.

ఒక చేత్తో లేస్తుందని పైన రాశాను. అది ఏప్రిల్ నెల మాట. వాయువు ఒత్తిడి వేడిని బట్టి మారుతుంది. 40 డిగ్రీల మధ్యాహ్నానికీ 15 డిగ్రీల జనవరి తెల్లవారుకూ మధ్య పంపు బలం ఎనిమిది శాతం దాకా తగ్గుతుంది, చేతి దగ్గర అది రెండు కేజీలు. కొత్త పంపుకు తెలియదు, నాలుగేళ్ళ పంపుకు బాగా తెలుస్తుంది. మోకాళ్ళు, నడుము నొప్పి ఉన్న పెద్దవాళ్ళు చలికాలంలో ఒంటరిగా లేపకపోవడం మంచిది. పిల్లలున్న ఇంట్లో ఊతకర్ర పెట్టకుండా లోపలికి తల పెట్టనే వద్దు. పంపు ఎప్పుడు ఓడిపోతుందో ముందు చెప్పదు.

పెట్టెలో ఏం పెట్టాలన్నది కూడా ఈ మూతను బట్టే తేల్చుకోవాలి. ఏడాదిలో నాలుగు నుంచి పదిసార్లు కావలసినవి దీనికి సరిగ్గా సరిపోతాయి: బొంతలు, చుట్టాల దిండ్లు, చాపలు, ఉన్ని బట్టలు, ఒకదానిలో ఒకటి దూర్చిన సూట్‌కేసులు, బొమ్మల కొలువు సామాను. రోజూ కావలసినవి పెడితే రెండో వారానికే అవి మంచం పైకి చేరతాయి. సర్టిఫికెట్లు, ఆస్తి కాగితాలు ఇక్కడ వద్దు, చెమ్మకు వెండిచేపలు (కాగితం తినే పురుగులు) వస్తాయి. కలరా ఉండలు కూడా వద్దంటాను, వాటి ఆవిరి నేరుగా పడుకున్నవాళ్ళ ముక్కుకే వస్తుంది. దాని బదులు ఎండాకాలంలో ఒకసారి, వానలు వెళ్ళాక ఒకసారి అన్నీ ఎండలో వేసి, చల్లారాక మడిచి పెట్టడం చాలు. మూత ప్లైవుడ్‌కు అంగుళం కన్నాలు ఇరవై దాకా వేయిస్తే పరుపు అడుగున బూజు పట్టదు. కోస్తా ఊళ్ళలో ఇది తప్పనిసరి. దోమతెరను మంచం చట్రానికి కట్టేవాళ్ళు ప్రతిసారీ విప్పాల్సి వస్తుంది, పైకప్పు కొక్కేలకు మార్చుకోవాలి.

కొనమంటారా అంటే, ఇంట్లో అటక తప్ప వేరే చోటు లేనివాళ్ళు, ఐదారేళ్ళు అదే ఇంట్లో ఉండేవాళ్ళు కొనొచ్చు, కానీ పార్టికల్ బోర్డుది కాకుండా ప్లైవుడ్‌ది, క్లాంపులకు బోల్టులు ఉన్నది చూసుకుని. రెండేళ్ళకోసారి అద్దె ఇల్లు మారేవాళ్ళకు కొనమని నేను చెప్పలేను. విప్పి మళ్ళీ బిగించిన ప్రతిసారీ స్క్రూ కన్నాలు వదులవుతాయి. వాళ్ళకు కాళ్ళున్న మామూలు మంచం, కింద చక్రాల పెట్టెలు రెండు నయం కావచ్చు. మాకు గది చిన్నది, బీరువా ఒక్కటే, అందుకే ఇంత జరిగినా దీన్ని వదల్లేదు.

మూత లోపలి వైపు రెండు కాగితాలు అతికించి ఉన్నాయి. ఒకటి ఏ గడిలో ఏముందో చెప్పే జాబితా, రెండోది లాగుడు లెక్క: కొన్నప్పుడు 6, కిందటి ఏడాది 9, ఈ నెల 11 కేజీలు. 12 దాటితే జత మార్చాలని పక్కనే రాసి ఉంది, బహుశా ఈ చలికాలంలోపే.