ఆరంభశూరులకు గొలుసులు: జేసీ రోడ్డులో దొరికే మంచు చైన్ల సంగతి

కారు విడిభాగాల దుకాణాలుండే బెంగళూరు జేసీ రోడ్డులో మంచు చైన్లు, అంటే మంచు రోడ్డు మీద పట్టు కోసం టైర్లకు చుట్టే గొలుసులు, అడిగితే మొదట కౌంటర్ మీదికొచ్చేది చాలాసార్లు చైను కాదు, నారింజో పసుపో రంగు ప్లాస్టిక్ బెల్టుల సంచి. “యూనివర్సల్ సార్, ఆల్టో నుంచి ఫార్చ్యూనర్ దాకా ఏ బండికైనా పడుతుంది” అన్న హామీ దాంతోపాటు ఉచితం. ఊరందరి కాళ్లకూ పట్టే చెప్పు ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది.

ఈ సమీక్ష మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు నుంచి థార్, స్కార్పియో-ఎన్, ఫార్చ్యూనర్ లాంటి బరువైన బండ్లేసుకుని చలికాలం సెలవుల్లో మనాలి మీదుగా అటల్ సొరంగం దాటి లాహౌల్ లోయలోని సిస్సు దాకా పోదామనుకునే మనవాళ్ల కోసం. చిన్న కార్ల వాళ్లకు భయం ఉంటుంది, అడగకపోయినా చైన్లు కొంటారు. పెద్ద బండి వాళ్ల దగ్గరే బేరం తెగదు. “మనది ఫోర్ బై ఫోర్ కదా, చైన్లెందుకు?” అంటారు.

ఎందుకంటే ఫోర్ బై ఫోర్ పచ్చి ఆరంభశూరుడు. ఆగిన బండిని కదిలించడంలో, ఎత్తు ఎక్కించడంలో దానికి తిరుగులేదు. ఇంజిన్ బలం రెండు చక్రాలకు బదులు నాలుగింటికి పంచుతుంది కాబట్టి. ఆపాల్సి వచ్చినప్పుడు ఆ గొప్ప ఏమీ మిగలదు. ఆల్టోకైనా ఫార్చ్యూనర్‌కైనా బ్రేకు పడేది నాలుగు చక్రాల మీదే, చివరికి బండిని ఆపేది రబ్బరుకీ రోడ్డుకీ మధ్య ఉన్న పట్టే. పొడి తారు మీద ఆ పట్టును (పుస్తకాల్లో ఘర్షణ గుణకం అంటారు) 0.7 అనుకుంటే, బండ్లు తొక్కి గట్టిపడ్డ మంచు మీద 0.2, ఐసు మీద 0.1. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు తొక్కితే పొడి రోడ్డు మీద 9 మీటర్లలో ఆగే బండి, గట్టి మంచు మీద 31 మీటర్లు, ఐసు మీద 63 మీటర్లు పోతుంది. కాలు బ్రేకు మీదికి వెళ్లే ఒక్క సెకనులో పోయే 11 మీటర్లు దీనికి అదనం. అదీ చదును రోడ్డు మీద లెక్క. పట్టు 0.1 ఉన్నచోట వంద మీటర్లకు పది మీటర్లు దిగే వాలు దాటిందంటే, హ్యాండ్ బ్రేక్ వేసి నిలబెట్టిన బండి కూడా దానంతటదే జారుతుంది. డ్రైవర్ దిగి పక్కన నిలబడి చూస్తుండగానే బండి లోయ వైపు పోయే వీడియోల వెనక ఉన్నది ఈ లెక్కే.

“రెండు టన్నుల బండి, నేలకు అతుక్కుని ఉంటుంది” అనేది రెండో భ్రమ. బరువు పెరిగితే పట్టు పెరిగే మాట నిజమే, ఆపాల్సిన బరువూ సరిగ్గా అంతే పెరుగుతుంది. రెండూ కొట్టుకుపోతాయి. మిగిలేది తగిలినప్పుడు దెబ్బ మాత్రమే. డాష్‌బోర్డ్ మీద వాలు దిగే బొమ్మ ఉన్న బటన్, అదే హిల్ డిసెంట్, కూడా ఇంతే. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ద్వారా అది కూడా బ్రేకులే వేస్తుంది. టైరుకు పట్టు లేనిచోట కంప్యూటర్ మాత్రం దేన్ని పట్టుకుంటుంది? ఇక మన ఊళ్లో వాడే మామూలు టైర్ల రబ్బరు 7 డిగ్రీల కిందికి వెళ్లేకొద్దీ గట్టిపడుతుంది. పెద్ద పెద్ద గళ్లున్న ఆల్ టెర్రెయిన్ టైరైనా, పక్కన మూడు శిఖరాల కొండ మధ్యలో మంచు రేకు గుర్తు లేకపోతే మంచు పరీక్షకు నిలబడిందని కాదు. బురదకూ మంచుకూ అని చెప్పే ఎం ప్లస్ ఎస్ అన్న అక్షరాలు చాలవు.

ఇక సరుకు సంగతి.

ప్లాస్టిక్ బెల్టులు. చక్రానికి నాలుగో ఆరో ముక్కలు, ఒక్కో ముక్క పట్టీని అల్లాయ్ చక్రం సందులోంచి దూర్చి బకిల్‌తో బిగించాలి. జాకీ అక్కర్లేదు, సీటు కింద పడుంటాయి, బరువు లేవు. అమ్మకం అంతా ఈ మూడు సుగుణాల మీదే. లోపం చూడాలంటే టేపు తీయాలి. ఫార్చ్యూనర్ టైరు 265/60 ఆర్18. దాని చుట్టుకొలత దాదాపు 2.43 మీటర్లు. ఆరు బెల్టులు సమంగా కడితే ఒక్కోదానికీ మధ్య 40 సెంటీమీటర్లు. టైరు నేలను తాకే చోటు పొడవు 20 సెంటీమీటర్లకు అటూ ఇటూ. అంటే చక్రం తిరుగుతున్నంతసేపూ బెల్టు, వట్టి రబ్బరు, బెల్టు, వట్టి రబ్బరు. బురదలో ఇరుక్కున్నప్పుడు ఇది చాలు, ఒక్క బెల్టు కరుచుకున్నా బండి బయటపడుతుంది. దిగుడులో బ్రేకు తొక్కి చక్రం బిగుసుకుందంటే, కింద బెల్టు ఉందా లేదా అన్నది మీ అదృష్టం. పైగా పట్టీ లోపలి వైపు, బ్రేకు డిస్కును నొక్కి పట్టే క్యాలిపర్‌కు రాసుకునే బండ్లు చాలా ఉన్నాయి. 18 అంగుళాల చక్రం లోపల క్యాలిపర్‌కూ రిమ్ముకూ సందు వేలు దూరేంత కూడా లేకపోతే వీటిని కొననే వద్దు. పట్టీ తెగితే ఆ ముక్క మడ్‌గార్డ్ లోపలి లైనర్‌ను చీల్చుకుంటూ పోతుంది. నా మార్కులు ఐదుకు ఒకటిన్నర. ఆ ఒకటిన్నర కూడా ఇరుక్కున్న బండిని తీసే పనికి. వీటిని కట్టుకుని దిగుడుకు సిద్ధమనుకోవడం కంటే ఏమీ కట్టకుండా భయపడుతూ దిగడం నయం.

గుడ్డ తొడుగులు. టైరుకు దిండు గలీబు తొడిగినట్టు తొడగాలి. తాజా మంచు మీద బాగానే పనిచేస్తాయి, శబ్దం ఉండదు, రిమ్ము గీసుకోదు. మంచు లేని తారు మీద కాసేపు నడిపితే చిరిగి పీలికలైపోతాయి. వీల్ ఆర్చ్‌లో చైనుకు సందు లేని కార్లకు ఇది మంచి దారి. పెద్ద బండికి అనవసరం.

నిచ్చెన చైన్లు. రెండు పక్క గొలుసులు, వాటి మధ్య నిచ్చెన మెట్లలా అడ్డ గొలుసులు. మోటు సరుకు, గట్టి సరుకు, లింకు తెగినా మార్చుకోవచ్చు. ముందుకూ వెనక్కూ బాగా పట్టుకుంటాయి. పక్కకు జారేటప్పుడు అడ్డ గొలుసు కూడా బండితోపాటే అదే దిక్కుకు జారుతుంది కాబట్టి లోయ వైపు వాలిన మలుపుల్లో పట్టు తగ్గుతుంది. కొనేముందు ఒక్కటి చూడండి: అడ్డ గొలుసును పక్క గొలుసుకు కలిపే కొక్కేల నోరు ఏ వైపుంది? తొడిగాక ఆ నోరు టైరు వైపు కాకుండా బయటికి చూడాలి. తిరగేసి తొడిగితే గంటలోపే టైరు పక్కగోడ గీసుకుపోతుంది. టైరు నడుమ గాటు పడితే పంక్చర్ వేయించుకోవచ్చు, పక్కగోడ పోతే టైరు పోయినట్టే.

డైమండ్ చైన్లు. అడ్డంగా కాకుండా ఏటవాలుగా అల్లి, టైరు మీద ముగ్గు గళ్లలా పరుచుకునేవి. చక్రం ఎక్కడ ఆగినా కింద ఇనుము ఉంటుంది, పక్క జారుడునూ పట్టుకుంటాయి. బెల్టుల కంటే ఖరీదు బాగా ఎక్కువ. కొనదగ్గది ఇదే. పెట్టె మీద మంచు చైన్ల నాణ్యతకు యూరప్‌లో వాడే ప్రమాణాలు ఓనార్మ్ వి5117 గానీ ఈఎన్ 16662-1 గానీ ఉందా చూడండి. మీ టైరు సైజు, ఉదాహరణకు 255/65 ఆర్18, పెట్టె మీద పట్టికలో అంకెకు అంకె కలవాలి. “దగ్గర దగ్గరగా ఉంది సార్, లాగి కట్టేయొచ్చు” అంటే పెట్టె వెనక్కిచ్చేయండి. వదులు చైను విసురుకు బయటికి సాగి బ్రేక్ గొట్టాన్నో ఏబీఎస్ సెన్సర్ వైరునో కొడుతుంది. వెల్డింగ్ షాపులో గేటు గొలుసుతో చేయించుకుందామనే తెలివికి కూడా ఒక దండం. అది మెత్తటి ఇనుము, లింకు సాగి తెగుతుంది.

ఎన్ని కొనాలి? ముందు చక్రాలు లాగే బండికి ముందు, వెనక చక్రాలు లాగే ఇన్నోవా క్రిస్టా లాంటివాటికి వెనక. ఫోర్ బై ఫోర్‌కు రెండు జతలు. దిగుడులో బరువంతా ముందుకు వాలుతుంది. వెనకే కడితే స్టీరింగ్ తిప్పినా ముందు చక్రాలు వినవు, ముందే కడితే వెనక భాగం పక్కకు తిరిగి బండి అడ్డం పడుతుంది. ఒక్క జతతోనే సరిపెట్టుకోవాలంటే ఏ చక్రాలకో బండితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. దాని మాటే ఖాయం.

తొడిగే పద్ధతి పెట్టెలో కాగితం మీద బొమ్మల్లో ఉంటుంది గానీ, సున్నా డిగ్రీల్లో వేళ్లు మొద్దుబారాక ఆ బొమ్మలు బుర్రకెక్కవు. బయల్దేరే ముందే అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో రెండుసార్లు తొడిగి విప్పాలి. పట్టా పరిచి చిక్కులు తీయండి. లోపలి వైపు వచ్చే వంగే తీగను చక్రం వెనక నుంచి దూర్చి, రెండు కొసలనూ పైన కలపండి. తీగను టైరు వెనక్కి తోసి, బయటి కొక్కెం పెట్టండి. బిగింపు గొలుసును రాట్చెట్లలోంచి (వెనక్కి జారనివ్వని పళ్ల చక్రాలు) వరసగా లాగి చివర కొసను తగిలించండి. ఇక్కడితో అయిపోయిందనుకోవడమే మామూలు తప్పు. 50 నుంచి 100 మీటర్లు నెమ్మదిగా పోనిచ్చి, దిగి, మళ్లీ బిగించాలి. గొలుసు అప్పుడే టైరు మీద సర్దుకుంటుంది. చక్రానికి పది నిమిషాలు మించకుండా రావాలి సాధన. చేతికి రబ్బరు పూత ఉన్న గ్లవ్స్, తలకు లైటు, మోకాళ్ల కింద పాత ఫ్లోర్ మ్యాట్.

ఈ వేగం ఎందుకంటే అటల్ సొరంగం పొడవు 9.02 కిలోమీటర్లు, లోపల మంచు ఉండదు. వట్టి రోడ్డు మీద అంత దూరం చైనుతో లాగిస్తే లింకులు అరుగుతాయి, తెగినా తెగుతాయి. లోపల ఆగకూడదు. అంటే మంచు ఎక్కువున్న రోజు సొరంగానికి ముందు విప్పడం, అవతల తొడగడం, తిరుగు దారిలో మళ్లీ అదే. ఈ చాకిరీకి బద్ధకించి “ఇంత దూరమేగా” అని చైన్లు డిక్కీలోనే ఉంచి దిగేవాళ్లే మనాలి వైపు సోలాంగ్ మలుపుల్లో పక్క గోడలను పలకరిస్తారు. చైన్లున్నా వేగం పెట్టె మీద రాసిన హద్దులోనే, చాలావాటికి అది 40 నుంచి 50 కిలోమీటర్లు. దిగుడులో అయితే ఫోర్ లో (నాలుగు చక్రాలకూ నెమ్మది గేరు), ఫస్ట్ గేర్, నడక వేగం. బ్రేకును తడిమినట్టు తాకాలే గానీ తొక్కకూడదు.

బెంగళూరులోనే చూసుకోవాల్సిన ఇంకో రెండు. గాలి: 28 డిగ్రీల్లో 32 పీఎస్ఐ నింపితే మైనస్ 5 డిగ్రీల్లో చలికి అయిదు దాకా తగ్గుతుంది, మూడు వేల మీటర్ల ఎత్తులో బయటి ఒత్తిడి పల్చబడి మీటర్ మీద మూడు దాకా పెరుగుతుంది. చివరికి 30 దగ్గర చూపిస్తుంది. కాబట్టి మీటర్ చూసి కంగారుపడి దింపొద్దు, నింపొద్దు. కూలెంట్: మన దగ్గర మెకానిక్‌లు రేడియేటర్‌లో కుళాయి నీళ్లు కలిపేస్తుంటారు. గడ్డకట్టినప్పుడు నీరు 9 శాతం ఉబ్బుతుంది, రేడియేటర్‌తో ఆగుతుందన్న నమ్మకం లేదు. సగం గడ్డకట్టనివ్వని గ్లైకాల్, సగం శుద్ధి చేసిన నీరు ఉండాలి. రాత్రి నిలిపేటప్పుడు, చదునుగా ఉన్నచోట, హ్యాండ్ బ్రేక్ బదులు గేరులో పెట్టి చక్రాల కింద రాళ్లు పెట్టండి. తడిసిన బ్రేక్ షూలు తెల్లారేసరికి డ్రమ్ముకు అతుక్కుపోతాయి.

తిరిగొచ్చాక చైన్లను మంచినీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, పల్చగా నూనె రాసి పెట్టెలో వేయాలి. సంచిలో తడిగా మూట కట్టి వదిలేస్తే వచ్చే డిసెంబర్‌కు రాట్చెట్లు తుప్పు పట్టి తిరగవు.