ఫేస్‌బుక్ ఫోనా, ఫోన్‌లో ఫేస్‌బుక్కా: ఏది మేలు?

పాలకొల్లులో నా సెల్ షాపు కౌంటర్ మీద మోచెయ్యి ఆన్చి అడిగే ప్రశ్నల్లో ఈ మధ్య ఇదొకటి చేరింది. "ఫేస్‌బుక్ వాళ్ళే సొంత ఫోన్ తెస్తే సుఖమే కదండీ, వాట్సాప్, ఇన్‌స్టా అన్నీ అందులోనే వచ్చేస్తాయి" అంటారు కొందరు. "అమ్మో, గుట్టంతా లాగేస్తారు" అంటారు పక్కన నిలబడ్డవాళ్ళు. నరసాపురం దగ్గర్నుంచి వచ్చే ఒక అక్క ఇప్పటికి మూడుసార్లు అడిగింది. లేసు అల్లికల టేబుల్ క్లాత్‌లు, సోఫా కవర్లు ఇన్‌స్టాలో పెట్టి అమ్ముతుంది. బేరం కుదిరేది మాత్రం వాట్సాప్‌లో. షాపులో జనం ఉండగా ఆవిడకి సగం సగం చెప్పి పంపించాను. మిగతా సగం ఇది.

అలాంటి ఫోన్ ఒకసారి వచ్చి వెళ్ళిపోయింది కూడా. 2013 ఏప్రిల్‌లో 'హెచ్‌టీసీ ఫస్ట్' పేరుతో అమెరికాలో అమ్మకానికి పెట్టారు. ఒళ్ళు తైవాన్ హెచ్‌టీసీది, ముఖం ఫేస్‌బుక్‌ది. ఆండ్రాయిడ్ మీద 'ఫేస్‌బుక్ హోమ్' అని ఒకటి కప్పారు. ఫోన్ చేతిలోకి తీసుకుంటే చాలు, తాళం తియ్యకముందే స్నేహితుల పోస్టులు ఒకదాని వెనక ఒకటి జరుగుతూ కనపడేవి. రెండేళ్ళు అదే నెట్‌వర్క్‌కి కట్టుబడే కాంట్రాక్టుతో 99.99 డాలర్లు పెట్టిన ధర నెల తిరక్కుండా 99 సెంట్లకి దిగింది. సీజన్ దాటిన మామిడికాయలు కూడా అంత తొందరగా దిగవు. జనం ఎక్కువగా విసుక్కున్నది ప్రైవసీ గురించి కాదు, తెర మీద తాము పేర్చుకున్న విడ్జెట్లు (గడియారం, వాతావరణం లాంటి ముక్కలు), ఫోల్డర్లు కనపడకుండా పోయాయని. కానీ ప్రైవసీ ప్రశ్న లేచింది అప్పుడే. ఫోన్ రాత్రంతా ఏ చోట కదలకుండా పడుంటుందో అదే ఇల్లు, పగలంతా ఎక్కడుంటుందో అదే పనిచేసే చోటు. ఇది తెలుసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు కదా అన్నారు కొందరు. దానికి కంపెనీ ఇచ్చిన వివరణ నాకు ఇప్పటికీ గుర్తుంది: మీరు మ్యాప్ యాప్ తెరిచారని మాకు తెలుస్తుంది, అందులో ఏ దారి వెతికారో తెలియదు. ఏ యాప్ ఎప్పుడు తెరిచారన్న లెక్క మీ పేరుతో 90 రోజులు ఉంటుంది.

సొంత ఫోన్ వైపు మాట కూడా చెప్పాలి. లేసు అక్క లాంటి వాళ్ళకి ఫోన్ అంటేనే ఆ రెండు యాప్‌లు. ఫోటో తీసి, ఇన్‌స్టాలో పెట్టి, అడిగినవాళ్ళకి వాట్సాప్‌లో రేటు చెప్పి, పార్సిల్ కట్టి పంపడమే ఆవిడ దినచర్య. అవన్నీ ఒకే కంపెనీవి. ఫోన్ కూడా వాళ్ళదే అయితే పని తేలికవుతుంది, తెర మీద నొక్కుళ్ళు తగ్గుతాయి, ధర కూడా తగ్గించే ఇస్తారు. ప్రకటనల మీద బతికే కంపెనీకి ఫోన్ మీద లాభం చూసుకోవాల్సిన అవసరం ఉండదు. "నా దగ్గర దాచుకునేది ఏముంది తమ్ముడూ, లేసు గుడ్డలే కదా" అంటుంది ఆవిడ.

ఆ మాట దగ్గరే ఆవిడ గ్యాలరీ తెరిచి చూపించమన్నాను. తెల్లటి టేబుల్ క్లాత్, దాని పక్కన ఆధార్ కార్డు రెండు వైపులా, తర్వాత బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, కూతురి మార్కుల లిస్టు, మళ్ళీ సోఫా కవర్లు, మధ్యలో డాక్టరు రాసిన మందుల చీటీ. నేనేం మాట్లాడలేదు. ఆవిడే ఫోన్ బోర్లించి పెట్టింది.

నా లెక్కలో తేల్చేది ఒక్కటే. కెమెరా, ధర, ఎంబీలు కాదు. తూము తలుపు ఎవరి చేతిలో ఉంది? డెల్టాలో ఉన్నవాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీళ్ళు కాలవ నిండా ఉన్నా, శివారు చేనుకి అందుతాయా లేదా అన్నది తూము దగ్గర తేలుతుంది. ఎగువ రైతు ఎంత మంచివాడైనా తూము తాళం ఆయన జేబులో పెట్టి మనం ఇంటికెళ్ళి పడుకోలేం. తూములు ఎత్తీ దించీ నీళ్ళు పంచే లస్కరు ఉన్నది అందుకే. ఫోన్‌లో ఆపరేటింగ్ సిస్టమ్, అంటే యాప్‌లన్నిటినీ నడిపించే ఆండ్రాయిడ్ లాంటిది, ఆ లస్కరు. యాప్ కాంటాక్ట్స్ అడిగితే 'ఇవ్వమంటారా' అని మనల్ని అడిగేది, వద్దంటే తలుపు దించేది అదే. ఫేస్‌బుక్ కంపెనీయే ఫోన్ తెస్తే, నీళ్ళు కావలసినవాడూ లస్కరూ ఒక్కరే అవుతారు.

ఇది ఊహ అనుకుంటే 2018 మార్చిలో జరిగింది చూడండి. ఫేస్‌బుక్ వాడేవాళ్ళ డేటా ఎన్నికల ప్రచారాలు చేసే కంపెనీ చేతికి చిక్కిన కేంబ్రిడ్జ్ అనలిటికా గొడవ తర్వాత చాలామంది తమ ఫేస్‌బుక్ డేటా డౌన్‌లోడ్ చేసుకుని చూసుకున్నారు. కొందరికి అందులో ఏళ్ళ తరబడి కాల్స్ లెక్క కనపడింది: ఎవరికి, ఏ రోజు, ఎంతసేపు మాట్లాడామన్నది. మీరు ఒప్పుకున్నాకే తీసుకున్నాం అంది కంపెనీ. ఒప్పుకున్న సంగతే గుర్తులేదన్నారు జనం. నాకు ముఖ్యమనిపించింది ఆ వాదన కాదు. ఈ లెక్కలు దొరికింది ఆండ్రాయిడ్ వాళ్ళకే. ఐఫోన్‌లో కాల్ లిస్టు ఏ యాప్‌కీ ఇవ్వరు కాబట్టి అక్కడ తీసుకోవడానికి వీల్లేకపోయింది. కంపెనీ అదే, యాప్ అదే, తేడా అంతా లస్కరు దగ్గరే. ఆ ఏడాది చివర్లో ఆండ్రాయిడ్ తయారుచేసే గూగుల్ కూడా ప్లే స్టోర్ రూలు మార్చింది. ఫోన్ చేసే యాప్‌కీ, మెసేజ్ యాప్‌కీ తప్ప కాల్ లిస్టు, ఎస్సెమ్మెస్ దాదాపు ఎవరికీ లేకుండా చేసింది. తలుపు బయటివాడి చేతిలో ఉంది కాబట్టి దింపగలిగాడు.

గూగుల్ మాత్రం తక్కువ తిన్నదా అంటారు. లేదు. ఈ లస్కరుకీ సొంత చేను ఉంది. గూగుల్ బతికేదీ ప్రకటనల మీదే. లొకేషన్ విషయంలో జనాన్ని తప్పుదారి పట్టించిందన్న కేసులో 2022లో అమెరికాలోని 40 రాష్ట్రాలకి 39 కోట్ల డాలర్లకి పైగా కట్టింది. అయినా నా ఓటు మామూలు ఆండ్రాయిడ్‌కే. గూగులూ, ఫేస్‌బుక్కూ ఇద్దరూ ఒకే సరుకు కోసం పోటీపడుతున్నారు, ఒకడికి ఊరికే ఇచ్చెయ్యడం రెండోవాడికి నష్టం. వాళ్ళ మంచితనాన్ని నేను నమ్మను, వాళ్ళ పోటీని కొంత నమ్ముతాను.

ఇంకో ముక్క. 2021 జనవరిలో వాట్సాప్ ఫేస్‌బుక్‌తో డేటా పంచుకునే కొత్త పాలసీ పెట్టి, ఒప్పుకుంటేనే ముందుకి అంది. అప్పుడు మన ఊళ్ళలో కూడా ఎంతమంది వాట్సాప్‌కి బదులు సిగ్నల్ అనే మెసేజ్ యాప్ వేసుకున్నారో నాకు తెలుసు, సగం మందికి నేనే వేశాను. నెల తర్వాత చాలామంది వెనక్కి వచ్చేశారనుకోండి, ఎందుకంటే బంధువులంతా వాట్సాప్‌లోనే ఉండిపోయారు. 2024 నవంబరులో మన దేశంలో కంపెనీల పోటీ న్యాయంగా ఉందా లేదా చూసే కాంపిటీషన్ కమిషన్ ఆ పాలసీ మీద మెటాకి (ఫేస్‌బుక్ కంపెనీకి ఇప్పటి పేరు అదే) 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2021లో కనీసం వెళ్ళడానికి ఇంకో యాప్ ఉంది. ఫోనూ, యాప్ స్టోరూ కూడా వాళ్ళవే అయిన రోజున అలిగి ఎక్కడికి వెళ్తాం? ఫోనే మార్చాలి. వాయిదాలు తీరని ఫోన్ ఎవరు మారుస్తారండి?

వాట్సాప్ గురించి న్యాయంగా ఒకటి చెప్పాలి. మనం రాసుకునే మెసేజీలు, మాట్లాడుకునే కాల్స్ ఎన్‌క్రిప్షన్‌లో, అంటే మధ్యలో ఎవరికీ అర్థం కాని గుప్త రూపంలో వెళ్తాయి, కంపెనీ చదవదు. ఎవరితో, ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నది వేరే సంగతి. కవరు లోపల ఉత్తరం కనపడకపోయినా కవరు మీద అడ్రసు కనపడుతుందిగా.

ఇక మామూలు ఆండ్రాయిడ్‌లో ఫేస్‌బుక్ వేసుకున్నంత మాత్రాన గుండె మీద చెయ్యి వేసుకుని పడుకోవచ్చా అంటే, అదీ లేదు. రొయ్యల చెరువులున్న బాబాయ్ గారు ఒకాయన మొన్న గోలగోలగా వచ్చారు. "చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ రిపేరు గురించి మా తమ్ముడితో మాట్లాడానంతేరా అబ్బాయ్, సాయంత్రానికి ఏరియేటర్ల యాడ్ వచ్చేసింది. మాటలు వినేస్తున్నార్రా!" మైకుతో దొంగతనంగా వింటున్నారని ఎవరూ రుజువు చెయ్యలేదు. ఆండ్రాయిడ్ 12 నుంచి మైకు వాడితే తెర మూల పచ్చ గుర్తు కూడా వెలుగుతుంది. ఆయన బ్రౌజర్ హిస్టరీ తెరిచాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు సైట్లలో ఏరియేటర్ ధర చూసుకున్నారు. "అది చూశానా నేను?" అన్నారు. చూశారు. అమ్మకాల సైట్లలో చాలావాటిలో మెటా పిక్సెల్ అని కంటికి కనపడని ముక్క ఒకటి ఉంటుంది, ఎవరొచ్చి ఏం చూశారో అదే చేరవేస్తుంది. వినాల్సిన పనేముంది?

దీని మీద 2025 జూన్‌లో పరిశోధకులు ఇంకో సంగతి బయటపెట్టారు. ఆండ్రాయిడ్‌లో ఫేస్‌బుక్, ఇన్‌స్టా యాప్‌లు ఫోన్ లోపలే ఒక చాటు దారి తెరిచి ఉంచి, బ్రౌజర్‌లో పిక్సెల్ ఇచ్చే గుర్తుల్ని అందుకుంటున్నాయి. హిస్టరీ దాచుకోని ఇన్‌కాగ్నిటోలో తిరిగినా ఆ తిరుగుడంతా మన అకౌంటుకి జతపడుతోంది. 2024 సెప్టెంబరు నుంచీ ఇదే నడిచింది. బయటపడిన రోజునే మెటా ఆపేసింది. తూము తలుపు దించే ఉంది, లస్కరూ ఉన్నాడు, నీళ్ళు మాత్రం గట్టులో పీత బొరియ గుండా పోతున్నాయి. అయితే బొరియ కనపడింది బయటివాళ్ళు గట్టు మీద తిరిగారు కాబట్టి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వాళ్ళు దాన్ని పూడ్చే పని పెట్టుకున్నారు. బ్రౌజరూ, గట్టూ కూడా ఒకళ్ళవే అయితే ఆ పూడ్చే పని ఎవరు చేస్తారో నాకు తోచడం లేదు.

మీ ఫోన్‌లో ఇప్పుడే ఒకటి చూసుకోండి. సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్ళి, సిస్టమ్ యాప్‌లు కూడా చూపించమనండి. చాలా కంపెనీల ఫోన్లలో 'మెటా యాప్ మేనేజర్', 'మెటా సర్వీసెస్' లాంటి పేర్లు, లేదా అవే ఫేస్‌బుక్ పేరుతో, కనపడతాయి. మీరు ఫేస్‌బుక్ ఎప్పుడూ వాడకపోయినా సరే. తీసెయ్యడానికి బటన్ ఉండదు, 'డిసేబుల్' మాత్రం ఉంటుంది. నొక్కండి, ఏమీ పాడవదు. అంటే ఫేస్‌బుక్ ఫోన్ మనం వద్దన్నా చిన్న సైజులో చాలామంది జేబుల్లో ఉన్నట్టే.

ఇంతా చేసి, మన జాగ్రత్త మనదొక్కరిదే కాదు. కాంటాక్ట్స్ ఇచ్చామంటే కువైట్‌లో పనిచేసే చెల్లెలి నంబరు, చెరువు కొనుగోలుదారుడి నంబరు, చంటిపిల్ల డాక్టరు గారి నంబరు అన్నీ ఇచ్చినట్టే. వాళ్ళని మనం అడగలేదు. ఫేస్‌బుక్‌లో చేరనివాళ్ళ డేటా కూడా సేకరిస్తున్నామని 2018 ఏప్రిల్‌లో అమెరికా కాంగ్రెస్ ముందు జుకర్‌బర్గే ఒప్పుకున్నాడు, భద్రత కోసమని చెప్పాడు. మామూలు ఫోన్‌లో కాంటాక్ట్స్‌కి 'వద్దు' అనొచ్చు, వాట్సాప్‌లో కాస్త ఇబ్బంది పడతాం అంతే. వాళ్ళ ఫోన్‌లో అయితే కాంటాక్ట్స్ పుస్తకమే వాళ్ళది.

ఐఫోన్ సంగతి: ప్రైవసీకి వీటన్నిటికన్నా మెరుగు. 2021 ఏప్రిల్ నుంచి 'నన్ను వెంటాడొద్దు' అనే బటన్ పెడితే, ఆ దెబ్బకి 2022లో సుమారు వెయ్యి కోట్ల డాలర్లు పోతాయని మెటాయే లెక్క చెప్పుకుంది. డబ్బులుంటే కొనుక్కోండి, అంతకన్నా చెప్పేదేం లేదు. కీప్యాడ్ ఫోన్: నాన్నగారికి బాగుంటుంది. లేసు అమ్మాలంటే పనికిరాదు.

లేసు అక్కకి చివరికి మధ్యరకం ఆండ్రాయిడే ఇచ్చాను, ఆండ్రాయిడ్ 14 ఉన్నది చూసి. ఫేస్‌బుక్ యాప్ వెయ్యలేదు, ఎప్పుడైనా కావాలంటే బ్రౌజర్‌లో చూసుకోమన్నాను. ఇన్‌స్టా వ్యాపారానికి తప్పదు. అది మొదటిసారి ఫోటోలు అడిగినప్పుడు 'అన్నీ' కాకుండా 'ఎంచుకున్నవి మాత్రమే' నొక్కించి, పన్నెండు లేసు ఫోటోలు ఆవిడ చేతే ఎంపిక చేయించాను. ఆధార్ కార్డు, పాస్‌బుక్ దాని కంటపడవు. 2025లో అమెరికా, కెనడాల్లో ఫేస్‌బుక్ యాప్ ఇంకా పోస్టు చెయ్యని గ్యాలరీ ఫోటోలు కూడా తన సర్వర్లకి పంపుకోనిస్తారా అని అడగడం మొదలుపెట్టిందని చెబితే, "అడిగే తీసుకుంటున్నారుగా" అంది. అడుగుతున్నారు నిజమే. గ్యాలరీ తాళం వేరేవాళ్ళ దగ్గర ఉన్నంతకాలం అడుగుతారు.

కవర్లో ఫోన్ పెట్టుకుని మెట్లు దిగుతూ వెనక్కి తిరిగింది. "తమ్ముడూ, ఆ 99 సెంట్లంటే మన డబ్బుల్లో ఎంత?"

"అప్పట్లో యాభై పైచిలుకు రూపాయలక్కా. కానీ రెండేళ్ళ కాంట్రాక్టు ఉండేది."

"కప్పు కింద పరిచే నా చిన్న లేసు డాయిలీ కూడా రాదు ఆ రేటుకి" అని వెళ్ళిపోయింది.