మామోగ్రామ్‌కి ఏఐ రీడింగ్: అదనపు డబ్బు కట్టొచ్చా?

హిమాయత్‌నగర్‌లో ఒక స్కానింగ్ సెంటర్ వాళ్లు ఇస్తున్న ఏఐ మామోగ్రామ్ (రొమ్ము క్యాన్సర్‌ని పసిగట్టే ఎక్స్‌రే) ప్యాకేజీ గురించి ఇది. మెషీన్ మామూలు డిజిటల్ మామోగ్రామే. ఒక్కో రొమ్ముకి పైనుంచి ఒకటి, ఏటవాలుగా ఒకటి, మొత్తం నాలుగు ఫిల్ములు తీస్తారు. వాటిని రేడియాలజిస్ట్‌తో (ఫిల్ములు చదివే డాక్టర్) పాటు ఏఐ సాఫ్ట్‌వేర్ కూడా చదువుతుంది. అదనపు చార్జీ దానికే.

ఫిల్ము తీసే పనికి వంక పెట్టలేం. లేడీ టెక్నీషియన్, చెప్పి మరీ రొమ్మును ప్లేట్ల మధ్య నొక్కుతారు. చంకల్లో పౌడరు, డియోడరెంట్ కడుక్కుని రమ్మంటారు. అది చాదస్తం కాదు, ఆ రేణువులు ఫిల్ము మీద, క్యాన్సర్ అనుమానం రేపే కాల్షియం చుక్కల్లా పడితే సాఫ్ట్‌వేర్ అక్కడ గుర్తు పెట్టేస్తుంది. పీరియడ్స్ అయిన మరుసటి వారం వెళ్తే నొప్పి తక్కువ.

తంటా అంతా ప్రింటవుట్‌తోనే. పైన 1 నుంచి 10 దాకా ఏఐ ఇచ్చిన స్కోరు ఒకటి వేస్తారు, అంకె పెరిగేకొద్దీ అనుమానం ఎక్కువని. 10 కనబడితే ఎవరికైనా కాళ్లూ చేతులూ ఆడవు. నిజానికి ఈ స్కేలును, స్క్రీనింగ్‌కి వచ్చే ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి 10 పడేలా కట్టారు. వాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. ఈ ముక్క కౌంటర్లో ఎవరూ చెప్పరు. మీరు చూడాల్సింది డాక్టర్ సంతకం ఉన్న రిపోర్టులో బైరాడ్స్ అంకె, అంటే ఫిల్ము చూసి రేడియాలజిస్ట్ ఇచ్చే ప్రామాణిక గ్రేడు. 1, 2 అయితే నిశ్చింత. 0 అంటే ఇంకో ఫిల్మో అల్ట్రాసౌండో కావాలి. 3కి ఆరు నెలల్లో మళ్లీ రావాలి. 4, 5కి బయాప్సీ, అంటే ముక్క తీసి పరీక్షించడం.

పనికొస్తుందా అంటే, వస్తుంది. స్వీడన్‌లో 80 వేల మందికి పైగా మహిళలతో చేసిన మసాయ్ ట్రయల్ తొలి ఫలితాలు 2023లో వచ్చాయి. ఏఐ సాయం ఉన్నచోట వెయ్యికి 6.1, లేనిచోట 5.1 క్యాన్సర్లు దొరికాయి. డాక్టర్ల చదివే పని 44 శాతం తగ్గింది. అయితే అక్కడ స్కోరు 10 వచ్చిన ఫిల్ముల్ని ఇద్దరు రేడియాలజిస్టులు చూశారు, మిగతావి ఒకరు. డాక్టర్ చూడకుండా వదిలేసింది ఒక్కటీ లేదు. కాబట్టి రేడియాలజిస్ట్ సంతకం లేని ఏఐ రిపోర్టుకి రూపాయి కూడా దండగే.

రిపోర్టులో డెన్సిటీ సి, డి అని ఉంటే, అంటే రొమ్ము కణజాలం దట్టంగా ఉంటే, జాగ్రత్త. గడ్డా తెలుపే, చుట్టూ కణజాలమూ తెలుపే, ఏఐ కూడా దాటేయొచ్చు. అల్ట్రాసౌండ్ అడగండి. చేతికి గడ్డ తగులుతుంటే స్కోరు 1 వచ్చినా సర్జన్‌కి చూపించాల్సిందే.

ఇంకోటి, వీళ్లు వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపి చేతులు దులుపుకుంటారు. ఎంఎన్‌జే, బసవతారకం లాంటి క్యాన్సర్ ఆస్పత్రికి రెండో అభిప్రాయానికి వెళ్తే ఆ పీడీఎఫ్‌తో పని జరగదు. బిల్లు కట్టే ముందే డైకామ్ సీడీ (అసలు ఫిల్ములు పూర్తి స్పష్టతతో ఉండే సీడీ) ఇస్తారా అని అడగండి.