అటక మీది కంప్యూటర్ కోసం కోనసీమకి

పాత వీడియోగేములు, హోమ్ కంప్యూటర్లు సేకరించేవాళ్ళం మామూలుగా హైదరాబాద్ కోఠీ, చెన్నై రిచీ స్ట్రీట్ చుట్టూ తిరుగుతాం. ఈసారి ధనుర్మాసంలో మూడు రోజులు గోదావరి జిల్లాలకి వెళ్ళాను. కారణం గల్ఫ్. కోనసీమ, నరసాపురం వైపు నుంచి కువైట్, మస్కట్ వెళ్ళినవాళ్ళు టేప్ రికార్డర్లతో పాటు పిల్లలకి వీడియోగేములూ తెచ్చారు. అవి చాలా ఇళ్ళలో అటకెక్కాయి. సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు కిందకి దిగి పాత సామాన్లవాడి బండెక్కుతాయి. అందుకే భోగికి ముందే వెళ్ళాలి.

రాజమండ్రిలో స్టేషన్ దగ్గర లాడ్జి తీసుకున్నాను. గది శుభ్రం, వేణ్ణీళ్ళు పుష్కలం. కానీ టీవీని గోడకి అంటించేశారు, వెనక ఆడియో-వీడియో సాకెట్లకి చెయ్యి దూరదు. కదపకూడదండీ అన్నాడు కుర్రాడు. కొన్న మెషీన్ రాత్రికి ఆడించి చూసుకోలేని గది నాకెందుకు? పాత సామాన్ల కొట్లో ఫ్యామికామ్ అనే వీడియోగేము మెషీన్ నకలు ఒకటి దొరికింది. 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫ్యామికామ్‌ని చూసి చేసినవి ఇవి, అరవై పిన్నుల గేము క్యాసెట్లు పడతాయి. మనం చిన్నప్పుడు ఆడినవి ఎక్కువగా ఇవే. దీంతో తెర మీద గురి చూసి కాల్చే ఆట తుపాకీ కూడా ఇచ్చాడు. రోజ్ మిల్క్ తాగి బస్సెక్కాను.

అమలాపురానికి రైలు లేదు. రావులపాలెం మీదుగా బస్సులో రెండు గంటలు. ఇక్కడి లాడ్జి పాతది, గోడలకి చెమ్మ, ప్లగ్గుకి ఎర్త్ లేదు, మెషీన్ వెనక ఇనుప ముక్క ముట్టుకుంటే చిన్న జిల్లు. అయినా నా మార్కులు దీనికే ఎక్కువ. మేనేజరు గారు మూలనున్న పాత డబ్బా టీవీ గదికి పంపించారు. ఆ తుపాకీకి డబ్బా టీవీయే కావాలి. బాతుల్ని కాల్చే ఆటలో ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట మాత్రం తెల్లటి చతురస్రం మెరుస్తుంది. తుపాకీ గొట్టంలోని సెన్సర్ ఆ వెలుగుని సరిగ్గా ఆ క్షణంలోనే పట్టుకోవాలి. కొత్త టీవీలు బొమ్మని ఆలస్యంగా చూపిస్తాయి కాబట్టి గురి చూసి కాల్చినా తగలదు. ఆ రాత్రి రూమ్ బాయ్, నేను పన్నెండింటి దాకా బాతుల్ని కొట్టాం.

మర్నాడు రాజోలు దగ్గర ఒక పెద్దాయన ఇల్లు. పాత లుంగీలో చుట్టి అటక మీద పెట్టిన వస్తువు దించారు. విప్పితే సఖ్ర్! కువైట్ కంపెనీ తెచ్చిన ఎమ్మెస్సెక్స్ కంప్యూటర్. 1983లో మైక్రోసాఫ్ట్, జపాన్‌కి చెందిన యాస్కీ కలిసి ప్రకటించిన ప్రమాణం అది. ఏ కంపెనీ చేసినా ఒకే క్యాసెట్లు పనిచెయ్యాలన్నది దాని ఉద్దేశం. ప్రతి మీట మీదా ఇంగ్లీషు అక్షరం పక్కన అరబిక్ అక్షరం. స్క్రూలు తుప్పు పట్టాయి, ప్లాస్టిక్కు పసుపు తిరిగింది. పెద్దమ్మాయి దాని మీదే టైపింగ్ నేర్చుకుందట.

"ఆయ్, తీసుకెళ్ళండి బాబూ. ఇక్కడుంటే చెమ్మకి పాడైపోద్దండి."

డబ్బులు వద్దన్నారు. బలవంతం చేస్తే సగమే తీసుకుని, "వెలిగితే మాత్రం ఫోన్ చెయ్యండి" అన్నారు.

సఖినేటిపల్లి నుంచి పంటు మీద నరసాపురం దాటితే దగ్గర అన్నాడు ఆటో అతను. పంటు ప్రయాణం నాకిష్టం, కానీ ఒళ్ళో సఖ్ర్ ఉన్నప్పుడు నీటి తుంపర్లు వద్దనిపించింది. చించినాడ వంతెన మీదుగా బస్సులో పాలకొల్లు చేరాను.

అటక మీంచి దించినదాన్ని తిన్నగా ప్లగ్గులో పెట్టకండి. ఏళ్ళ తరబడి చెమ్మ తిన్న కెపాసిటర్ కరెంటు తగలగానే పొగలు కక్కొచ్చు. కువైట్ కరెంటు 240 వోల్టులు, మన 230కి దగ్గరే కాబట్టి వోల్టేజి భయం లేదు. జపాన్ ఫ్యామికామ్ అడాప్టర్ మాత్రం 100 వోల్టులది, తిన్నగా పెడితే కాలిపోతుంది. క్యాసెట్లో నోటితో ఊదే అలవాటు కూడా మానుకోవాలి, ఉమ్మి తడికి పిన్నులు తుప్పు పడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూదిపుల్ల చాలు.

పాలకొల్లు బజార్లో ఒక ముసలి టీవీ మెకానిక్ గారు ఈ ప్రయాణం మొత్తంలో నాకు అందిన గొప్ప సేవ. మూత విప్పి, ఉబ్బిన రెండు కెపాసిటర్లు మార్చి, మీటల కింద బ్రష్షుతో తుడిచి, తన డబ్బా టీవీకి కలిపి ట్యూనింగ్ తిప్పుతూ కూర్చున్నారు. గంటన్నర పనికి 300 రూపాయలే అడిగారు. నరసాపురం రైలుకి ఇంకా టైముంది. పార్సిల్లో వెయ్యకుండా తలకిందే పెట్టుకుని తీసుకెళ్దామని అప్పటికే తువ్వాళ్ళు కొన్నాను.

గళ్ళు గళ్ళుగా ఊగి, తెర నిలిచింది. బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలోకి వెళ్ళి పెద్దాయనకి ఫోన్ కలిపి, స్పీకర్ దగ్గర పెట్టి, బీప్ అని నాలుగక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కాను. సన్నగా ఒక్క కూత.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "అమ్మాయికి ఫోన్ చేసి కలుపుతానండి, ఇంకోసారి కొట్టండి" అన్నారు.