నెల్లూరులో సైటు చేయించుకునేవాళ్ళూ, డెమో చూసి అడ్వాన్స్ ఇవ్వకండి

నిన్న కావలి నుంచి తెలిసినావిడ ఫోన్ చేసింది. మగ్గం వర్కు బ్లౌజులు చేస్తుంది, సైటు పెట్టుకోవాలని చూస్తోంది. "డెమో భలే ఉందక్కా, పచ్చరంగు పేజీ, పైన చెక్క గిన్నెలో సలాడ్ బొమ్మ..." అనగానే నాకు విషయం అర్థమైపోయింది. బ్లౌజులకి సలాడ్ గిన్నె ఏందబ్బా? ఎనిమిది నెలల కిందట సైట్లు చేసి ఇచ్చే ఒకతను నాకు చూపించిందీ అదే గిన్నె. ఇంకా అదే తిప్పుతున్నాడన్నమాట. అందుకే ఇది రాస్తున్నా. అతని పేరు, ఆఫీసు పేరు రాయను, నన్ను అడగొద్దు కూడా. ఎట్ట జరిగిందో తెలిస్తే ఎవరి దగ్గరికి వెళ్ళినా మీరే పట్టేసుకోవచ్చు.

మాది నెల్లూరు, అమ్మ పుట్టిల్లు ఉదయగిరి. అక్కడి చెక్క చెంచాలు, ఫోర్కులు, గరిటెలు మన జిల్లా వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. దుర్గం కొండల వైపు దొరికే నర్ది, బిక్కి లాంటి చెక్కతో చేత్తోనే చెక్కుతారు. అమ్మకు తెలిసిన నాలుగు ఇళ్ళ నుంచి సరుకు తెచ్చి ఇన్నాళ్ళూ వాట్సాప్‌లోనే అమ్మాను. హైదరాబాద్, బెంగళూరు నుంచి అడిగేవాళ్ళు పెరిగాక సైటు ఉంటే బాగుంటుందనిపించింది.

అతను ల్యాప్‌టాప్‌లో డెమో తెరిచాడు. నిజం చెప్పాలంటే నోరెళ్ళబెట్టాను. మెల్లగా జరిగే బొమ్మలు, సన్నటి అక్షరాలు, ఎక్కడ చూసినా ఖాళీ జాగా. "అక్కా, బొమ్మలు మార్చి మీవి పెట్టడమే, మీరేం టెన్షన్ పడొద్దు" అన్నాడు. మొత్తం 18 వేలు, అందులో 10 వేలు అప్పటికప్పుడే ఫోన్‌లో కొట్టేశా. రాసుకున్న కాగితం ఒక్కటి లేదు.

పది రోజుల తర్వాత సైటు వచ్చింది. అమ్మకు చూపిస్తే కళ్ళద్దాలు పెట్టుకుని ఒక నిమిషం చూసి, "గరిటెకి పిడి ఏదే?" అంది.

అతను వాడింది టెంప్లేట్, అంటే ముందే తయారుచేసి పెట్టిన సైటు నమూనా. అది బొమ్మలన్నిటినీ చతురస్రంగా కత్తిరిస్తుంది. గుండ్రటి గిన్నెకి అది ముచ్చటగా ఉంటుంది. అడుగు పొడవున్న గరిటెకి తలా పిడీ రెండూ పోయి మధ్యలో ఒక కర్రముక్క మిగిలింది. నా దగ్గరున్న ముప్పై రకాలూ ముప్పై కర్రముక్కల్లా కనిపించాయి. డెమోలో ఉన్న ఫోటోలేమో ఎవరో మంచి కెమెరాతో, మంచి వెలుతురులో, ఆ చతురస్రానికి సరిపోయేలా తీసినవి. చాలావరకు అవి టెంప్లేట్‌తో పాటు మనకి రావు, వాటి హక్కులు వేరే. అంటే మనం చూసి మురిసిపోయిన దాంట్లో సగం అందం ఫోటోలదే, వాటిని తీసేస్తే మిగిలేది గళ్ళూ గీతలూ. ఈ సంగతి అతనికి ముందే తెలుసు, చెప్పలేదు.

ఇక తెలుగు. పైన "ఉదయగిరి చెక్క చెంచాలు" అని రావాలి. అక్షరానికీ అక్షరానికీ మధ్య వేలెడు సందు, కింద వత్తు తెగిపోయి "చెక చెంచాలు" అని వచ్చింది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలకి కిందా పైనా ఏమీ వేలాడవు కాబట్టి ఆ టెంప్లేట్‌లో వరుస ఎత్తు బిగించి పెట్టారు. మన వత్తులకి కింద జాగా కావాలి కదా. పైగా అందులో వాడిన ఫాంటులో తెలుగే లేదు, ఫోన్‌లో ఏది దొరికితే అది వచ్చి కూర్చుంటోంది. సరిచేయమంటే ఇంకో మూడు వేలు అడిగాడు, కస్టమైజేషన్ అంట. చివరికి మా పిన్ని కొడుకు, బీటెక్ చదువుతున్నాడు, అరగంటలో చేసేశాడు. అక్షరాల మధ్య సందు సున్నా చేశాడు, వరుస ఎత్తు 1.6 పెట్టాడు, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే మండలి ఫాంటు వేశాడు. రామభద్ర, నోటో శాన్స్ తెలుగు కూడా అక్కడ ఉచితమే. ఫోటోలు కూడా కత్తిరించకుండా పూర్తిగా వచ్చేలా మార్చాడు. పిడి కనపడింది, అమ్మ శాంతించింది.

అక్కడితో అయిపోతే ఈ పోస్టు రాసేదాన్ని కాదు.

రెండు నెలలకి కార్ట్ పేజీ తెరుచుకోవడం మానేసింది. సైటులో అమ్మకాలు నడిపే వూకామర్స్‌కి కొత్త వెర్షన్ వచ్చింది, టెంప్లేట్ పాతది, రెండిటికీ పొసగలేదు. అతనికి ఫోన్ చేస్తే కొత్త టెంప్లేట్ ఫైలు తెచ్చి పాతదాని మీద ఎక్కించేశాడు. కార్ట్ బాగైంది, మా వాడు చేసినవన్నీ ఎగిరిపోయాయి. మళ్ళీ కర్రముక్కలు, మళ్ళీ చెక చెంచాలు! తప్పులో సగం మాది కూడా, మా వాడు మార్పులు నేరుగా టెంప్లేట్ ఫైళ్ళలోనే చేశాడు. మా సైటు నడిచే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్, అందులో టెంప్లేట్‌నే థీమ్ అంటారు. దానికి చైల్డ్ థీమ్ అని ఒకటి ఉంటుంది, అసలు టెంప్లేట్‌ని ముట్టుకోకుండా మన మార్పులన్నీ అందులో పెట్టుకుంటే అప్‌డేట్ వచ్చినా అవి చెక్కుచెదరవు. వాడు చదువుకునే కుర్రాడు, వాడికి తెలియలేదు. డబ్బు తీసుకునే మనిషి మొదటి రోజే అది చేసి ఇవ్వాలా వద్దా?

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. హైదరాబాద్ నుంచి పాత కస్టమర్ ఒకావిడ మెసేజ్ పెట్టింది, "ఏంటండీ, మీ సైటు నొక్కితే బెట్టింగ్ పేజీకి పోతోంది" అని. మేం చూస్తే బాగానే ఉంది. ఆమె పొరపాటున ఏదో నొక్కి ఉంటుందనుకున్నాం. తర్వాత ఇంకో ఇద్దరు అదే చెప్పారు. గూగుల్‌లో వెతికి ఫోన్ నుంచి వచ్చేవాళ్ళనే బయటికి తోసేస్తోందట, అడ్మిన్‌గా లాగిన్ అయి చూసే మాకు మామూలుగా కనిపిస్తోంది. లోపల చూస్తే మేం పెట్టని అడ్మిన్ ఖాతా ఒకటి ఉంది. దొంగ తాళంచెవి చేయించుకుని ఇంట్లోనే కాపురం పెట్టినట్టు.

కారణం, ఆ టెంప్లేట్ డబ్బు పెట్టి కొన్నది కాకపోవడమే. నల్డ్ అంటారు, లైసెన్స్ తాళం విరగ్గొట్టి ఊరికే పంచే కాపీ. కొన్నట్టు రుజువుగా ఇచ్చే పర్చేజ్ కోడ్ చూపించమని అడిగితే "వర్డ్‌ప్రెస్‌వి జీపీఎల్ అక్కా, కాపీ చేసుకోవచ్చు" అని నాకే పాఠం చెప్పాడు. ఆ మాటలో కొంత నిజం ఉండబట్టే మనం తడబడతాం. జీపీఎల్ అనేది ఒక రకం లైసెన్స్, అది ఉన్న కోడ్‌ని కాపీ చేసి పంచుకోవచ్చు. కానీ అమ్మినవాళ్ళ అప్‌డేట్లు, సపోర్టు ఆ కాపీకి రావు, మధ్యలో ఎవరు దాన్ని తెరిచి ఏం పెట్టారో ఎవరికీ తెలియదు. టెంప్లేట్లు అమ్మే థీమ్‌ఫారెస్ట్ లాంటి చోట అసలైనవే 60 డాలర్ల లోపు చాలా ఉన్నాయి. అక్కడ మామూలు లైసెన్స్ ఒక్క సైటుకే చెల్లుతుంది, ఆరు నెలల సపోర్టు కలిసి వస్తుంది, మనకి కావాల్సినట్టు మార్చి ఇవ్వడం మాత్రం ఆ సపోర్టులోకి రాదు. నా 18 వేలలో అది కొనడానికి డబ్బు లేదా? ఆ మాట అడిగినప్పటి నుంచి నా ఫోన్ ఎత్తడం మానేశాడు.

కావలి ఆవిడకి చెప్పిందే మీకూ చెప్తున్నా. అడ్వాన్స్ ఇచ్చే ముందు మీ సొంత ఫోటోలు మూడు, మీ షాపు పేరు తెలుగులో ఇచ్చి అదే టెంప్లేట్‌లో పెట్టి చూపించమనండి. ఫోటోలు మీ దగ్గరున్న వాటిలో కాస్త వంకరటింకర సైజువి ఇవ్వండి, అందమైనవి ఏరి ఇవ్వొద్దు. వాళ్ళ ఆఫీసు వైఫైలో, వాళ్ళ ల్యాప్‌టాప్‌లో చూడకండి, మీ ఫోన్‌లో, మీ డేటాతో చూడండి. ఆ డెమో లింకుని గూగుల్ వాళ్ళ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో వేస్తే మొబైల్‌లో ఎంత నెమ్మదో పైసా ఖర్చు లేకుండా తెలుస్తుంది. టెంప్లేట్ మీ మెయిల్ ఐడీతో, మీ కార్డుతో కొనండి, పర్చేజ్ కోడ్ మీ దగ్గరే ఉండాలి. అంత అక్కర్లేదు అనుకుంటే వర్డ్‌ప్రెస్ వాళ్ళ సొంత డైరెక్టరీలో ఉచితంగా ఉన్నవే తీసుకోండి, పరిశీలించాకే వాటిని అక్కడ పెడతారు. వూకామర్స్ వాళ్ళదే స్టోర్‌ఫ్రంట్ అని ఒకటుంది, చూడ్డానికి సాదాగా ఉంటుంది, నేనిప్పుడు వాడుతున్నది అదే. సలాడ్ గిన్నెలు లేవు, గరిటెలు తలా పిడీతో సహా ఉన్నాయి.

ఇప్పటికే మోసపోయినవాళ్ళు వాట్సాప్ మెసేజ్‌లు, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు చెరపకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915, నేను అక్కడ ఫిర్యాదు రాయించాను. "వ్యాపారానికి కొన్నావు, నువ్వు వినియోగదారువి కావు" అని ఎవరైనా అంటే బెదిరిపోవద్దు, సొంతంగా పనిచేసుకుని బతకడానికి మాత్రమే కొనుక్కున్న వస్తువు వ్యాపార అవసరం కిందికి రాదని 2019 వినియోగదారుల చట్టంలోనే ఉంది.

ఇంకొక్కటి, డొమైన్, అంటే సైటు అడ్రస్. ఆరా తీస్తే కొన్నది అతని ఖాతాలో ఉన్నట్టు తేలింది, నా పేరు ఎక్కడా లేదు. నా షాపు పేరే, నేను కట్టిన డబ్బే. వేరే చోటికి మార్చుకోవాలంటే అతనే ఆత్ కోడ్ ఇవ్వాలి. నాలుగు మెసేజ్‌లు పెట్టాను, నాలుగింటికీ నీలం టిక్కులు పడ్డాయి. అందుకని కొత్త సైటు వేరే పేరుతో పెట్టుకున్నా, పార్సిల్ పెట్టెల మీద మాత్రం పాత పేరే అచ్చయి ఉంది, ఇంకా రెండు వందల పెట్టెలు. వాటి మీద స్టిక్కర్లు అతికిస్తూ కూర్చుంది అమ్మ.